ఊపిరి పోసిన పరుపులు

బయలుదేరడానికి మూడు రోజుల ముందు

కొండదారి పట్టే ప్రతి బృందంలో పడకలు చూసుకునే మనిషి ఒకరుండాలి. ఎవరికి ఏ పరుపో ఎంచి ఇవ్వాలి. ఏ మజిలీలో ఎవరు ఎలా పడుకున్నారో, ఏ పరుపు ఎలా నిలిచిందో ఆ మనిషి రాసిపెట్టాలి. తర్వాత వెళ్ళేవాళ్ళు చదువుకుంటారు. ఈసారి ఆ పని నాకు అప్పగించారు. నా పేరు దయామణి. వయసు యాభై. పదో తరగతి వరకు చదివాను. నలుగురిలో గట్టిగా మాట్లాడే అలవాటు నాకు లేదు గనుక రాతపని ఇస్తే సరిపోతుందని సంఘపెద్ద యోనాగారు అనుకుని ఉంటారు.

కిందూరు నుంచి ఎగువకొండకు తొమ్మిది మజిలీలు. రాత్రి నడక, పగలు పడక. పట్టలు కట్టుకుంటే పైనుంచి వచ్చే ఎండను ఓర్చుకోవచ్చు. కింద ఉన్న నాపరాయితోనే బాధ. ముందురోజు ఎండను కడుపులో దాచుకుని, మనం పడుకున్నాక మెల్లగా వదులుతుంది. రాతికీ ఒంటికీ మధ్య గాలిపరుపు లేకపోతే మధ్యాహ్నానికి చర్మం ఊడి వస్తుంది.

ఈ రోజు గిడ్డంగిలో నా ఆడబిడ్డ ఎస్తేరుకు పరుపు చూశాను. ఎగువకొండలో పనిచేస్తున్న మా ఆయనకు ఒక్కతే చెల్లెలు. నలభై నాలుగేళ్ళు. భర్త పోయాడు, పిల్లలు లేరు. చక్కెర జబ్బు వల్ల కళ్ళకు తెర పడుతోంది. ఈ నెలాఖరులోపు కొండమీద ఆస్పత్రిలో కంటికి సూది వేయించకపోతే ఉన్న చూపు కూడా పోతుందన్నారు. అదే జబ్బు వల్ల ఆమెకు మోకాళ్ళ కింద స్పర్శ లేదు. నిప్పు మీద కాలు పెట్టినా తెలియదు. మిగతావాళ్ళకు పరుపు దిగిపోతే ఒళ్ళు చురుక్కుమని లేస్తారు. ఎస్తేరు లేవదు.

మొదట స్పాంజి చుట్ట పరిచి పడుకోబెట్టాను. దానికి గాలితో పని లేదు, చిల్లి పడినా దిగదు. వేడిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె మాత్రం రెండే, ఎక్కువుంటే అంత మేలు.

“ఇది పరుపా, పీనుగుల చాపా వదినా? నా ఎముకలన్నీ లెక్కబెడతాండాది,” అంది ఎస్తేరు.

తర్వాత పలుచటి గాలిపరుపు చూపించాను. అంకె మూడు. చాలా తేలిక, మడిస్తే చెంబంత అవుతుంది. కానీ మోకాళ్ళ దాకానే వస్తుంది.

“కాళ్ళు యాడ పెట్టుకోవాల? నీ నెత్తిన పెట్టుకోనా?”

మూడోది ఆరు అడుగుల నిండు పరుపు. నాలుగు వేళ్ళ మందం, నిలువుగా పన్నెండు గాలి గొట్టాలు, అంకె ఆరు. తొమ్మిది వందల గ్రాముల బరువు. లోపల వెండిరేకు ఉంది కాబట్టి పక్కకు తిరిగితే గలగలమంటుంది.

“నేను దొర్లితే ఊరంతా లేస్తాదే,” అంది కానీ దాని మీద నుంచి లేవలేదు. కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉంది.

అదే తీసుకున్నాను. దాని బరువుకు సర్దుబాటుగా నాకు పలుచటి పొట్టి పరుపు తీసుకున్నాను. స్పాంజి చుట్ట కూడా ఒకటి వెంట ఉంచుకుందామా అని యోనాగారు అడిగారు. అది చాలా చోటు తింటుంది, ఆ చోట్లో మూడు నీళ్ళ సంచులు పడతాయి. వద్దని చెప్పాను.

దేవా, నేను ఎంచింది సరైనదయ్యేలా చూడు.

మొదటి మజిలీ

ఇరవై ముగ్గురం. పొద్దు పొడిచేసరికి పాత నాపరాళ్ళ గని దగ్గర ఆగాం. పట్టలు కట్టాం. గంజి తాగాం.

కొండదారిలో ఎవరి పరుపు వాళ్ళు ఊదుకోరు. ఇంటివాళ్ళు ఊదాలి. మట్టిలోకి దేవుడు ఊపిరి ఊదినట్టుగా, మనవాళ్ళ పడకలోకి మనం ఊపిరి పోస్తామని మా పెద్దలు చెప్పేవారు. భర్తకు భార్య, భార్యకు భర్త. ఊదేముందు నాలుగు మాటలు ప్రార్థన చేస్తాం. సాయంత్రం విప్పేటప్పుడు కూడా గాలంతా తీసేయం. ఒక్క గుక్కెడు లోపల ఉంచి మూతి బిగించి చుడతాం. ఇంటి ఊపిరిని దారిలో పారబోయకూడదు.

ఎస్తేరు పరుపుకు ముప్పై ఎనిమిది ఊపిర్లు పట్టాయి. ప్రతి ఊపిరికీ ఆమె పేరు మనసులో అనుకున్నాను. నా పరుపు ఆమె ఊదింది. ఆమెకు దమ్ము చాలదు, పద్నాలుగు ఊదేసరికి ఆయాసం వచ్చింది. మెత్తగానే ఉన్నా సరేనన్నాను.

“సగం ఊపిరి అన్నకు దాచిపెట్టినా,” అని నవ్వింది.

మా బృందంలో దస్తగిరి అనే అతను ఉన్నాడు. యాభై ఐదేళ్ళుంటాయి. వేడిజ్వరం వచ్చిన ఏడాది ఇంట్లో అందరూ పోయారు. ఊదేవాళ్ళు లేరు కాబట్టి ఒక గుడ్డ సంచిలో గాలి పట్టి, దాన్ని నొక్కి పరుపు నింపుకుంటాడు. ఆ సంచి బయటికి తీసినప్పుడు ఆడవాళ్ళందరం అటు తిరిగి కూర్చుంటాం. చూస్తే అతనికి కష్టంగా ఉంటుందని. నేనూ అటు తిరిగాను.

మూడో మజిలీ

రూతు, ఆమె భర్త వాడే జంటపరుపు మధ్యలో పొంగింది. రెండు గొట్టాలు కలిసిపోయి బానపొట్టలా లేచింది. రూతు కిందూరు వైద్యశాలలో కట్లు కట్టే మనిషి. నోరు కాస్త పదును.

“దయామణక్కా, నువ్విచ్చిన పరుపు నెలలు నిండినట్టుంది చూడు. మగపిల్లో ఆడపిల్లో చెప్పు.”

సబ్బునీళ్ళు పూసి చూశాం. బుడగ రాలేదు, చిల్లి లేదు. లోపలి గోడ ఊడిందని తెలిసింది గానీ ఎందుకు ఊడిందో తెలియలేదు. పాతదై ఉంటుందనుకున్నాం. ఎక్కువ ఊదొద్దని చెప్పి నేను వచ్చేశాను.

ఎస్తేరు పరుపు రెండుసార్లు తడిమాను. కాస్త మెత్తబడినట్టనిపించి మరో ఆరు ఊపిర్లు పోశాను. ఆమె నిద్రలో ఉంది.

నాలుగో మజిలీ

మరో రెండు పరుపులు పొంగాయి. రెండూ కొత్తవే. కాబట్టి పాతదైపోవడం కారణం కాదు. ఒకటి యోనాగారిది. వాళ్ళావిడ రోజూ పావుగంట ప్రార్థన చేసి మరీ ఊదుతుంది.

భయమేసింది. ఈ పరుపులన్నీ ఎంచింది నేనే.

ఐదో మజిలీ

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాయాలి.

ఉదయం ఎస్తేరు పరుపు కూడా నడుము దగ్గర పొంగింది. దాన్ని చూసి, గాలి నిండుగా ఉందిలే అని నేను ధైర్యం తెచ్చుకున్నాను. పొంగితే గాలి ఎక్కువైనట్టే కదా అనుకున్నాను. మధ్యాహ్నం మెత్తబడిందని తోచి ఇంకో పది ఊపిర్లు పోశాను. పొంగు పెద్దదైంది. ఎస్తేరు నడుము పైకి లేచి, కాళ్ళ వైపు పల్లమైంది. నేను నడుము దగ్గరే తడిమి చూశాను. కాళ్ళ దగ్గర చూడలేదు.

సాయంత్రం చెప్పులు తొడగబోతే ఎడమ మడమ తెల్లగా ఉబ్బి ఉంది. అరచేయంత పొక్కు. పరుపు కాళ్ళ వైపు కాగితంలా అయిపోయి, మడమ పగలంతా రాతిమీదే ఉంది. ఆ చోట పరుపు గుడ్డ రంగు మారింది.

“ఏంది వదినా ఆగిపోతివి?” అంది. ఆమెకు కనపడదు, తెలియదు.

“చిన్న పొక్కమ్మా.”

“నీ గొంతు చిన్న పొక్కు మాదిరి లేదే.”

రూతు వచ్చి కట్టు కట్టింది. ఈసారి హాస్యమాడలేదు. నన్ను పక్కకు తీసుకెళ్ళి చెప్పింది. “అక్కా, చక్కెర ఒళ్ళు. ఈ పుండు మానాలంటే నెలలు పడతాది. ఇదే చోట ఇంకొకసారి కాలిందంటే కాలు తీయాల్సొస్తాది. ఈయమ్మ కాళ్ళు రాతికి తగలకూడదు. ఎట్ల చూసుకుంటావో చూసుకో.”

ఆ రాత్రి ఎస్తేరు నా భుజం పట్టుకుని నడిచింది. కుంటలేదు. నొప్పి ఉంటే కుంటేది.

ఆరో మజిలీ

నా పలుచటి పరుపు వేస్తే ఆమె కాళ్ళ కింద నిలవక జారిపోయింది, మూటలు పెట్టి పడుకోబెట్టాను. నిద్రలో దొర్లింది, కాళ్ళు జారాయి. నేను కనిపెట్టుకునే ఉన్నాను కాబట్టి వెంటనే ఎత్తి పెట్టాను. పగలంతా ఇదే పని. నేనూ మనిషినే, ఎన్ని పగళ్ళు కూర్చోగలను?

మధ్యలో దస్తగిరి పడక మీద కన్ను పడింది. పదేళ్ళనాటి పరుపు. అంచులు చీకిపోయాయి. కానీ గొట్టాలన్నీ గీత గీసినట్టు సమంగా ఉన్నాయి. ఎక్కడా పొంగు లేదు.

సాయంత్రం అతను పరుపు విప్పుతుంటే మొదటిసారి ఇటు తిరిగి చూశాను. మూతి పూర్తిగా తెరిచి, చివరి గాలి దాకా పిండి, పట్ట మీద పరిచాడు. అది ఆరేలోపు వస్తువులు సర్దుకున్నాడు. మేమెవరం అలా చేయం.

“దస్తగిరీ, నీ పరుపు ఎప్పుడన్నా పొంగిందా?”

అతను సర్దడం ఆపి నా వైపు చూశాడు. ఈ బృందంలో అతని పరుపు గురించి ఎవరూ అడిగి ఉండరు.

“లేదమ్మా. తడి తగలకూడదు దానికి. లోపల గోడలు జిగురుతో అతికించి ఉంటారు. తడీ వేడీ కలిస్తే జిగురు కరుగుతాది.”

“తడి ఎక్కడిదయ్యా? చినుకు చూసి ఏడాది దాటింది.”

అతను తల వంచుకున్నాడు. “అద్దం మీద ఊదితే ఏమొస్తాదమ్మా?”

నేను ఎస్తేరు పరుపు తెచ్చి తలకిందులుగా పట్టుకుని మూతి తెరిచాను. నీళ్ళు కారాయి. చుక్కలు కాదు, దోసిట్లో సగం. బూజు వాసన వేసింది. ప్రతి మజిలీలో ముప్పై ఎనిమిది, ఆపైన ఆరు, ఆపైన పది. సాయంత్రం ఒక గుక్కెడు దాచి మూతి బిగించడం. ఆ తడి ఒక్కపూట కూడా ఆరలేదు. ఎవరు ఎక్కువ ప్రేమతో ఊదారో వాళ్ళ పరుపే ముందు పాడైంది.

“నీకు ముందే తెలుసా?” అని అడిగాను.

“తెలుసమ్మా. మొదట్లో ఒకరిద్దరికి చెప్పినా. ఇంట్లో ఊదేవాళ్ళు లేక అసూయతో అంటాండాడని అనుకున్నారు. మళ్ళా చెప్పలే.”

నా చేతిలో ఇంకా ఆ తడి ఉంది. చీరకు తుడుచుకోబుద్ధి కాలేదు.

ఏడో మజిలీ

యోనాగారికి చెప్పాను. ఆయన మంచివారు. చాలాసేపు విన్నారు.

“దయామణమ్మా, ఈ మాట నీలోనే పెట్టుకో. ఇంక రెండు మజిలీలే కదా. ప్రార్థన చేసి ఊదిన ఊపిరి పరుపును కుళ్ళబెట్టిందంటే జనం ఏమనుకుంటారు?”

“నేను చెప్పేది తడి సంగతి అయ్యా. ప్రార్థన సంగతి కాదు.”

“రెండూ ఒక్క నోట్లోంచే వస్తాయి కదమ్మా.”

 ఆయన అన్నది తప్పని అనలేను. నా ఇరవయ్యో ఏట మా అమ్మ ఊదిన పరుపు మీద పడుకుని ఈ దారినే వెళ్ళాను. ఆ రోజుల్లో ఇంత వేడి లేదు. అప్పుడు ఊపిరి ఊపిరిగానే ఉండేది.

ఉదయం ప్రార్థనలో అందరూ తలలు వంచి కూర్చున్నప్పుడు లేచి నిలబడ్డాను. చెప్పాను. నా గొంతు వెనక వరసకు అందలేదు. “ఏమంటాంది ఆయమ్మ?” అని ఎవరో అడిగారు. మళ్ళీ చెప్పాను. ఎస్తేరు మడమ కాలింది నా ఊపిరి వల్లేనని చెప్పాను. ఈ రోజు నుంచి అందరూ పరుపులు పూర్తిగా విప్పి ఆరబెట్టాలని, దస్తగిరి సంచితో నింపుకోవాలని అడిగాను.

 ముందుగా రూతు అంది. “అయితే మా ఆయన ఊపిరి మురికిదా అక్కా?” నవ్వుతూ అన్నట్టే ఉంది కానీ కళ్ళు నవ్వలేదు. “నేనేం దిక్కులేనిదాన్నా సంచి పట్టుకోడానికి?”

దస్తగిరి లేచి పట్ట అవతలికి వెళ్ళిపోయాడు. అప్పుడు రూతు నాలుక కరుచుకుంది.

ముగ్గురు మాత్రం పరుపులు విప్పి ఆరేశారు. యోనాగారు ఆరేయలేదు. నన్ను ఆపనూ లేదు.

వీటన్నిటికంటే కష్టమైంది ఎస్తేరుకు ముఖాముఖి చెప్పడం. ఆమె అంతా విని గోడకు ఆనుకున్నట్టు మూటకు ఆనుకుంది.

“అంటే ఇంక నువ్వు ఊదవు.”

“ఊదనమ్మా.”

“మొగుడు లేడు, బిడ్డలు లేరు. వదిన ఊపిరన్నా ఉండాది నా కింద అనుకుంటి. ఇప్పుడు ఆయప్ప సంచి గాలి మీద పండుకోవాలనా? ఎవరూ లేనిదాని మాదిరి?”

“నీ కాలు పోతుంది ఎస్తేరూ.”

“కాలుందని నాకు తెలిసి ఎన్నేండ్లయింది?”

ఆ పగలు ఆమె పడుకోలేదు. మూట మీద కాళ్ళు ముడుచుకుని కూర్చునే ఉంది. నేనూ ఎదురుగా కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఆమె పెదవులు ఎండిపోయాయి, తల తూలడం మొదలైంది. నీళ్ళిస్తే తాగింది. పడుకోకుండా ఇంకో రాత్రి నడవడం ఆమె వల్ల కాదు. నడవలేకపోతే నెలాఖరు దాటిపోతుంది. ప్రార్థన చేయబోతే మాటలు కుదరలేదు. ఊరికే ఆమెను చూస్తూ కూర్చున్నాను.

ఎనిమిదో మజిలీ

రాత్రి సగం దారిలో ఎస్తేరు రెండుసార్లు కూలబడింది. రెండోసారి లేపడానికి రూతు వచ్చింది. ఒక పక్క రూతు, ఒక పక్క నేను. పొద్దు పొడిచాక అందరికంటే ఆలస్యంగా మజిలీ చేరాం.

నేను పరుపు పూర్తిగా విప్పాను. మూతి తెరిచి తొలి ఎండలో అరగంట ఆరేశాను. పన్నెండు గొట్టాల్లో మూడు కలిసిపోయాయి. వాటిని ఇక్కడ బాగుచేయడం కుదరదు. వేడికి గాలి ఉబ్బుతుంది గనుక మూడొంతుల్లో రెండొంతులే నింపాలని, కాళ్ళ వైపు కాస్త ఎత్తుగా ఉండేలా పరచాలని, అలా చేస్తే పొంగు కాస్త ఆగుతుందని దస్తగిరి చెప్పాడు. ఆగుతుందని మాట మాత్రం ఇవ్వలేదు. సంచి నా చేతికిచ్చి వెళ్ళబోయాడు.

“ఉండప్పా,” అంది ఎస్తేరు. ఆమె అతనితో మాట్లాడటం అదే మొదలు. “ఇన్నేండ్లు దీంతో ఎట్ల నిద్రపోతాండావు?”

“నిద్ర వస్తాదమ్మా. నడిచి నడిచి ఉంటాం కదా.”

“అంతేనా?”

“పరుపు గట్టిగా ఉంటే నిద్ర వస్తాది. కిందుండేది ఎవరి గాలని ఒంటికి తెలీదు.”

 అందరూ అన్నం తినడం ఆపి ఇటే చూస్తున్నారు. ఎస్తేరు చెయ్యి చాచి తడుముకుంటూ పరుపు అంచు పట్టుకుంది.

“వదినా, నువ్వే నొక్కు. ఊరికే నొక్కొద్దు, నేను లెక్కబెడతా. నాకు కనపడదు గదా, మోసం చేస్తావు.”

సంచి నోరు తెరిచి గాలి పట్టి నొక్కాను. “ఒకటి,” అంది గట్టిగా. మళ్ళీ పట్టి నొక్కాను. “రెండు.” పట్టలన్నీ దాటి వినపడేలా అంటోంది. ఏడుకు ఆపమన్నాడు దస్తగిరి. “ఏడుకే అయిపోయిందా? ఇన్ని రోజులు ముప్పై ఎనిమిది ఊది ఊది నా ప్రాణం తీస్తివే,” అంది. రూతు నవ్వింది. వెనక ఇంకెవరో నవ్వారు. యోనాగారి భార్య లేచి వాళ్ళ పరుపు మూతి విప్పడం చూశాను. ఆయన ఏమీ అనలేదు.

ఎస్తేరు పడుకుంది. పడుకున్న కాసేపటికే నిద్రపోయింది.

కాళ్ళ వైపు పరుపు ఇప్పటికి రెండు వేళ్ళ మందం ఉంది. ఎండ ముదిరేకొద్దీ నడుము దగ్గర మెల్లగా లేస్తోంది. ఎంత లేస్తుందో, ఎప్పుడు ఆగుతుందో తెలియదు. ఆమె మడమకు ఏమీ తెలియదు. అందుకని నేను కాళ్ళ దగ్గర కూర్చుని, కుడిచెయ్యి ఆమె కట్టు కింద, పరుపు మీద పెట్టాను. వేడి వస్తే ముందు నాకు రావాలి. రూతు వచ్చి చూసి, రెండు గంటలయ్యాక తాను కూర్చుంటానని, అప్పటిదాకా నిద్రపోవద్దని చెప్పి వెళ్ళింది.

ఇది ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే తర్వాత వచ్చేవాళ్ళు మన్నించాలి. పరుపు ఇంకొంచెం దిగింది. మధ్యాహ్నం పన్నెండు దాటింది. అరచేతికి గోరువెచ్చగా ఉంది, అంతే. ఎస్తేరు గురక పెడుతోంది.